విదేశంలో దిగాక ఇమిగ్రేషన్ తనిఖీ: విశాఖ విద్యార్థి ఎలా సిద్ధపడాలి, కౌంటరు దగ్గర ఏం చేయాలి

హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో వీసా మంజూరై పాస్‌పోర్టు చేతికి రాగానే ఇంట్లో అందరూ పని పూర్తయిందనుకుంటారు. ద్వారకా నగర్‌లో ఉన్న కన్సల్టెన్సీలలో చాలావాటి సేవలు కూడా దాదాపు అక్కడితోనే ముగుస్తాయి. నిజానికి వీసా ఉన్నవారికి దక్కేది ఆ దేశపు సరిహద్దు దాకా వెళ్లి ప్రవేశం కోరే అవకాశం మాత్రమే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది విమానం దిగిన చోట కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ, అధికారి తేలుస్తారు. 2023 ఆగస్టులో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా ఉన్న భారతీయులను, వారిలో ఎక్కువ మంది తెలుగువారిని, అక్కడి విమానాశ్రయాల నుంచే వెనక్కి పంపిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది.

చేతిలోని కాగితాలు, కంప్యూటర్‌లో కనిపించే వివరాలు, మీ నోటి మాట, ఈ మూడూ కలుస్తున్నాయా అన్నదే ఈ తనిఖీలో అధికారి ప్రధానంగా చూస్తారు. దరఖాస్తును కన్సల్టెన్సీవారు నింపి, బ్యాంకు పత్రాలను నాన్నగారు సమకూర్చి, విద్యార్థి సంతకాలు మాత్రమే చేసిన చోట ఈ మూడూ కలవడం కష్టం. అందువల్ల కింద చెప్పబోయే పనులన్నింటిలోకీ ముఖ్యమైనది మీ ఫైలును మీరే కూర్చుని చదవడం. మన వైపు నుంచి అమెరికా వెళ్లేవారే ఎక్కువ కాబట్టి ఆ పద్ధతిని వివరంగా చెప్పి, మిగిలిన దేశాల్లో తేడా ఉన్న సంగతులను చివర చెబుతాను.

ఐ-20ను అక్షరం అక్షరం చదవండి

ఐ-20 అంటే మీకు ప్రవేశం ఇచ్చినట్టు విశ్వవిద్యాలయం జారీ చేసే ధ్రువపత్రం. విశ్వవిద్యాలయాలు దాన్ని ఇప్పుడు చాలావరకు ఈ-మెయిల్‌లోనే పంపుతున్నాయి. దాన్ని శుభ్రంగా ప్రింటు తీసి, మొదటి పేజీ అడుగున విద్యార్థికి కేటాయించిన చోట పెన్నుతో సంతకం చేయండి. పద్దెనిమిదేళ్లు నిండనివారైతే తల్లి లేదా తండ్రి సంతకం కూడా కావాలి. దానికి పైనే విశ్వవిద్యాలయం తరఫున డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధీకృత అధికారి, చేసిన సంతకం ఉందో లేదో చూడండి. రెండో పేజీలో ప్రయాణ సంతకాల గడులు ఖాళీగా ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు. చదువు మధ్యలో ఇంటికి వచ్చి తిరిగి వెళ్లేవారికే అవి అవసరమవుతాయి.

మొదటి పేజీలోనే కోర్సు ప్రారంభ తేదీ ఉంటుంది. మొదటిసారి వెళ్లే విద్యార్థిని ఆ తేదీకి 30 రోజులకన్నా ముందు దేశంలోకి అనుమతించరు. ఐ-20లో ఆగస్టు 24 అని ఉంటే జూలై 25కు ముందు అక్కడ దిగకూడదన్నమాట. టికెట్టు చవకగా దొరికిందని, లేదా అక్కడున్న స్నేహితులతో నాలుగు రోజులు గడపవచ్చని జూలై మొదట్లోనే బయల్దేరేవారు ఈ లెక్క చూసుకోవాలి. వీసా ఆలస్యమై ప్రారంభ తేదీ దాటిపోతున్నవారు ముందుగా డీఎస్ఓకు రాసి, ఆలస్యంగా చేరేందుకు అనుమతి లేఖ గానీ, తేదీ మార్చిన కొత్త ఐ-20 గానీ తెప్పించుకున్నాకే విమానం ఎక్కాలి.

విద్యార్థులు తడబడేది ఎక్కువగా డబ్బు దగ్గర. ఐ-20లో ఏడాదికి అయ్యే ఖర్చు ఎంతో, అది ఎవరి నుంచి వస్తుందో విడివిడిగా రాసి ఉంటుంది. అందులో బ్యాంకు రుణం, నాన్నగారి పొదుపు అని ఉండి, కౌంటరు దగ్గర మీరు బాబాయిగారు చూసుకుంటారని చెబితే అనుమానం రావడం సహజం. రుణం ఏ బ్యాంకుది, ఎంత మంజూరైంది, మొదటి సెమిస్టరు ఫీజు కట్టారా, కట్టకపోతే ఎప్పుడు కడతారు అన్నవాటికి కాగితం చూడకుండా జవాబు చెప్పగలగాలి. అమ్మానాన్నలు భయపెట్టడం ఎందుకని అప్పుల వివరాలు పిల్లలకు చెప్పకుండా దాస్తుంటారు. ఈ ఒక్క విషయంలో అలా దాచకుండా ఒక పూట కూర్చోబెట్టి మొత్తం చెప్పాలి.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, విశ్వవిద్యాలయం దాన్ని ముందువెనకలు చేసి రాస్తుంది. ఐ-20, వీసా, విమాన టికెట్టు, ఈ మూడింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందేమో సరిచూసుకోండి. పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా ఉండి మొత్తం ఇంటిపేరు గడిలోనే పడితే, అమెరికా వీసాలో పేరుకు బదులు ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు, అనే మూడు అక్షరాలు అచ్చవుతాయి. అక్కడ తీసుకునే ఇతర పత్రాల్లోనూ అవే వెంట వచ్చే అవకాశముంది. ఇంకా వీసాకు దరఖాస్తు చేయనివారు మర్రిపాలెంలోని పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో ముందే సరిచేయించుకోవడం మేలు.

చేతి సంచిలో ఉండవలసినవి

పాస్‌పోర్టు, అసలు ఐ-20, అడ్మిషన్ లేఖ, ఎఫ్-1 విద్యార్థులు కట్టే 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ) రుసుము రసీదు, రుణ మంజూరు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డిగ్రీ మార్కుల జాబితాలు, దిగబోయే ఇంటి చిరునామా, వీటన్నింటినీ ఒకే ఫోల్డరులో పెట్టి చేతి సంచిలోనే ఉంచుకోండి. తూకంలో వేసే పెద్ద పెట్టెలో ఏ ఒక్క కాగితమూ పెట్టకూడదు, ఎందుకంటే ఇమిగ్రేషన్ దాటాకే ఆ పెట్టె మీ చేతికి వస్తుంది. డీఎస్ఓ ఫోన్ నంబరును, విశ్వవిద్యాలయం అత్యవసర నంబరును, అక్కడ తెలిసినవారి నంబరును ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినా, ఫోన్‌ను అధికారి తీసుకున్నా ఆ కాగితమే పనికొస్తుంది.

ఫోన్ గురించి స్పష్టంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. సరిహద్దు దగ్గర ఫోన్, ల్యాప్‌టాప్ తెరిచి చూసే అధికారం సీబీపీకి ఉంది. అందువల్ల వాట్సాప్ సంభాషణలన్నీ చెరిపేసి వెళ్లమని సలహా ఇచ్చేవారు నగరంలో చాలామందే కనిపిస్తారు. చెరిపేయడం కన్నా, చెరపవలసిన ఆలోచన లేకుండా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు, అనుమతి లేకుండా బయట పని చేయకూడదు. పెట్రోలు బంకులోనో రెస్టారెంటులోనో పని చూసిపెట్టమని సీనియర్లకు పంపిన సందేశాలు ఫోన్‌లో కనిపిస్తే, మీరు వచ్చింది చదువుకోసమేనా అన్న ప్రశ్న తలెత్తుతుంది. అద్దె, తిండి ఖర్చు అటువంటి పని మీదే ఆధారపడి ఉంటే, ఆ లెక్కను విమానం ఎక్కకముందే ఇంట్లో సరిచేసుకోవాలి.

రోజూ వాడే మందులు ఉంటే విడి మాత్రలుగా కాకుండా, పేరు కనిపించే పట్టీలతో, వైద్యుడు ఇంగ్లీషులో రాసిన చీటీతో సహా పెట్టుకోండి. చేతిలో ఉంచుకునే విదేశీ నోట్లు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం సాధారణంగా 3,000 డాలర్లకు మించకూడదు. మిగిలిన మొత్తాన్ని ఫారెక్స్ కార్డులో వేసుకోవచ్చు.

పెట్టె సర్దేటప్పుడు

ఇక్కడ అమ్మలతో, అమ్మమ్మలతో కాస్త గట్టిగా మాట్లాడక తప్పదు. పచ్చి కరివేపాకు పెట్టకండి. అది నిమ్మ జాతికి చెందిన మొక్క కావడంతో, నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని ద్వారా వస్తుందన్న భయంతో అమెరికా దాన్ని అనుమతించదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి ఎంత బాగా వేయించినా మాంసమే కాబట్టి వాటినీ ఇంట్లోనే వదిలేయాలి. తాజా పళ్లు, మొలకెత్తే విత్తనాలు కూడా అంతే. ఆవకాయ, పప్పులు, కారప్పొడులు, వేయించి పొడి చేసిన అరకు కాఫీ వంటివాటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. మాడుగుల హల్వా, సున్నుండల వంటి నేతి మిఠాయిలను తీసుకెళితే, ఆహారం ఉందని అధికారికి చెప్పి నిర్ణయం వారికే వదిలేయాలి.

మసాలా డబ్బాలో గసగసాలు ఉన్నాయేమో ప్రత్యేకంగా వెతకండి. విశాఖ నుంచి వెళ్లేవారు ఎక్కువగా విమానం మారేది గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో. యూఏఈలోనూ సింగపూర్‌లోనూ గసగసాలను మాదకద్రవ్యాల చట్టాల కింద నిషేధించారు. మాంసం కూరలోకని ఇంట్లో నూరిన మసాలా పొడిలో అవి కలిసి ఉండవచ్చు, అందువల్ల ఏం కలిపారో నూరినవారినే అడగాలి. పొట్లాల మీద లోపల ఏముందో ఇంగ్లీషులో రాసి అంటించండి. సొంతంగా నింపిన పేరులేని పొట్లం కన్నా, దుకాణంలో సీలు వేసి అమ్మే పొట్లం తనిఖీలో తొందరగా దాటుతుంది. ఇతరులు ఇచ్చిన పార్సిలు ఏదైనా సరే, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు, అది మేనత్తగారు పంపినదైనా.

దారిలో

విశాఖ నుంచి నేరుగా విదేశానికి వెళ్లే విమానాలు కొద్దిపాటివే. వాటిలో వెళితే భారత ఇమిగ్రేషన్ ఇక్కడే పూర్తవుతుంది. హైదరాబాద్, ఢిల్లీ, ముంబయిల మీదుగా వెళ్లేవారికి అది ఆ నగరంలో జరుగుతుంది. రెండు విమానాలకూ టికెట్లు వేరువేరుగా కొన్నవారు పెట్టెలను అక్కడ తీసుకుని మళ్లీ అప్పగించవలసి వస్తుంది కాబట్టి ఎక్కువ వ్యవధి ఉండేలా చూసుకోవాలి.

అబుదాబి మీదుగా వెళ్లేవారు ఒక విషయం తెలుసుకోవాలి. అక్కడి విమానాశ్రయంలో 2014 నుంచి అమెరికా అధికారులే తనిఖీ కేంద్రం నడుపుతున్నారు. అక్కడి నుంచి అమెరికాకు ఎక్కే ప్రయాణికుల ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ విమానం ఎక్కకముందే అయిపోతాయి. ఐర్లాండ్‌లోని డబ్లిన్, షానన్ విమానాశ్రయాల్లోనూ ఇదే ఏర్పాటు ఉంది. ఇటువంటి కేంద్రం లేని మార్గాల్లో మీరు అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ఈ పని జరుగుతుంది. డాలస్‌కు వెళ్లేవారు న్యూయార్క్‌లో విమానం మారుతుంటే తనిఖీ న్యూయార్క్‌లోనే. వరసలు పొడుగ్గా ఉంటాయి, లోపలి గదికి పంపితే ఇంకా ఆలస్యమవుతుంది, అందువల్ల మొదటి విమానాశ్రయంలో కనీసం మూడు నాలుగు గంటల వ్యవధి ఉన్న టికెట్టే కొనండి.

కౌంటరు దగ్గర

విమానం దిగాక అమెరికా పౌరులు కానివారి వరసలో నిలబడండి. ఆ హాలులో ఫోన్ మాట్లాడకూడదు, ఫొటోలు, వీడియోలు తీయకూడదు. మీ వంతు రాగానే ఒక్కరే ముందుకు వెళ్లి పాస్‌పోర్టు, ఐ-20 ఇవ్వండి. మిగిలిన ఫోల్డరు చేతిలోనే ఉండాలి, అడిగిన కాగితమే తీసి ఇవ్వాలి. అడగకుండానే అన్నీ బల్ల మీద పరిచేయడం వల్ల మేలేమీ జరగదు. వేలిముద్రలు, ఫొటో తీసుకుంటూనే అధికారి ప్రశ్నలు వేస్తారు. ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటారు, చేతిలో ఎంత డబ్బు ఉంది, ఆహార పదార్థాలు ఉన్నాయా అన్నవి తరచుగా వచ్చేవి.

జవాబు ఒకటి రెండు వాక్యాల్లో ఉండాలి. ఎందుకు వచ్చారని అడిగితే, ఫలానా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చాను, తరగతులు ఫలానా తేదీన మొదలవుతాయి అంటే చాలు. కోర్సు అయ్యాక ఏం చేస్తారని అడిగితే నిజంగా మీ మనసులో ఉన్నదే చెప్పండి, కంఠస్థం చేసిన వ్యాసం వద్దు. ఒకే కన్సల్టెన్సీలో తయారైన విద్యార్థులు ఒకే విమానంలో దిగి ఒకే జవాబును ఒకే మాటలతో అప్పజెబితే అది ఎంత వింతగా ఉంటుందో ఆలోచించండి.

మనవారికి ఉన్న ఒక అలవాటు ఇక్కడ ప్రమాదం తెచ్చిపెడుతుంది. ప్రశ్న అర్థం కాకపోయినా మర్యాదకోసం ఎస్ సర్ అనేస్తాం. క్యాంపస్ బయట పని చేసే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్నకు అలా తల ఊపితే, అది మీ జవాబుగానే నమోదవుతుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని, నెమ్మదిగా చెప్పమని అడగండి, అందులో తప్పేమీ లేదు. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాలి. అబద్ధం చెప్పి ప్రవేశం పొందాలని చూసినట్టు తేలితే, అమెరికా చట్టం ప్రకారం జీవితాంతం ప్రవేశార్హత కోల్పోయే ప్రమాదం ఉంది.

లోపలి గదికి పంపితే

కొందరిని కౌంటరు దగ్గరే వదలకుండా రెండో తనిఖీకి వేరే గదికి పంపుతారు. ఇది అరెస్టు కాదు. పేరు మరొకరి పేరుతో కలవడం, సెవిస్ వివరాలు వెంటనే తెరుచుకోకపోవడం వంటి కారణాలతోనూ పంపుతుంటారు. అక్కడ గంటల తరబడి కూర్చోవలసి రావచ్చు, ఫోన్ వాడనివ్వకపోవచ్చు. ఇంటికి ముందే ఈ సంగతి చెప్పి ఉంచితే, ఫోన్ ఎత్తలేదని విశాఖలో అమ్మానాన్నలు హడలిపోకుండా ఉంటారు.

ఇంగ్లీషులో వివరంగా చెప్పలేననిపిస్తే తెలుగు అనువాదకుణ్ని ఇప్పించమని అడగండి. విశ్వవిద్యాలయం గురించి సందేహం వ్యక్తమైతే డీఎస్ఓ నంబరు ఇచ్చి వారితో మాట్లాడమని కోరండి. ఐ-20లో సంతకం వంటి చిన్న లోపం మాత్రమే ఉంటే అధికారి తన విచక్షణ మేరకు ఐ-515ఎ అనే పత్రం ఇచ్చి 30 రోజులకు ప్రవేశం కల్పించవచ్చు. ఆ గడువులోగా డీఎస్ఓ సాయంతో సరైన పత్రాలు పంపాలి.

ప్రవేశం నిరాకరించే పరిస్థితే వస్తే రెండు దారుల మధ్య తేడా తెలిసి ఉండాలి. వెంటనే వెనక్కి పంపే ఉత్తర్వు జారీ అయితే సాధారణంగా ఐదేళ్ల పాటు మళ్లీ ప్రవేశం ఉండదు. ప్రవేశం కోసం చేసిన అభ్యర్థనను తానే ఉపసంహరించుకోవడానికి అధికారి ఒప్పుకుంటే, వీసా రద్దయినా ఆ ఐదేళ్ల నిషేధం పడదు. ఉపసంహరణ మీ హక్కు కాకపోయినా, వీలుంటుందా అని వినయంగా అడగవచ్చు. మీరు చెప్పినట్టుగా టైపు చేసిన వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే, ప్రతి పేజీ చదివాకే, అర్థం కానిచోట తెలుగులో చదివించుకున్నాకే పెట్టండి. మీరు అనని మాట ఉంటే అక్కడికక్కడే చెప్పి సరిదిద్దించుకోవాలి.

పెట్టెలు, కస్టమ్స్

ఇమిగ్రేషన్ దాటాక పెట్టెలు తీసుకుని కస్టమ్స్ వైపు నడవాలి. తరువాతి విమానం ఉన్నవారు కూడా మొదటి విమానాశ్రయంలోనే పెట్టెలు తీసుకుని, దాటాక మళ్లీ అప్పగించాలి. ఆహారం ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి. ముందే చెప్పినవారి దగ్గర అనుమతి లేని వస్తువు దొరికితే దాన్ని తీసి పారేస్తారు, అంతే. చెప్పకుండా దాచి దొరికితే మొదటిసారికే 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. నగదు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 డాలర్లు దాటితే తప్పకుండా ప్రకటించాలి.

ఐ-94

పాస్‌పోర్టు మీద స్టాంపు వేయడం క్రమంగా తగ్గిపోతోంది కాబట్టి, మీరు చట్టబద్ధంగా ప్రవేశించారనడానికి అసలు రుజువు ఐ-94 అనే ఎలక్ట్రానిక్ నమోదు. గమ్యం చేరి కుదుటపడగానే సీబీపీ వెబ్‌సైట్‌లో దాన్ని తెరిచి, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, హోదా ఎఫ్-1 అని ఉందా, ఎప్పటి దాకా ఉండవచ్చని రాశారు అన్నవి చూసి ఒక ప్రతి దాచుకోండి. పొరపాటున పర్యాటకుల హోదా నమోదైతే, పేరులో అక్షరం తేడా వస్తే, ఆలస్యం చేయకుండా డీఎస్ఓకు చెప్పి సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంలో సరిచేయించుకోవాలి. కోర్సు ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోగా విశ్వవిద్యాలయం మీ పేరును సెవిస్‌లో నమోదు చేయాలి, కాబట్టి చేరగానే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి హాజరు వేయించుకోండి.

వేరే దేశమైతే

బ్రిటన్‌లో విద్యార్థి వీసా ఇప్పుడు ఈ-వీసాగా ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ప్రయాణానికి ముందే యూకేవీఐ, అంటే బ్రిటన్ వీసా, ఇమిగ్రేషన్ విభాగం, వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, ప్రస్తుత పాస్‌పోర్టును దానికి జతచేసుకోవాలి. ఆటోమేటిక్ గేట్లు భారత పాస్‌పోర్టుకు పనిచేయవు కాబట్టి అధికారి ఉన్న వరసలోనే నిలబడాలి. వీసా మొదలయ్యే తేదీకి ముందు దిగకూడదు. మన దేశం నుంచి మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు అక్కడికి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి నేతి సీసా ఇంట్లోనే ఉంచండి.

ఆస్ట్రేలియాలో ప్రయాణికుల కార్డు మీద ఆహారం, మొక్కలు, జంతు సంబంధమైన వస్తువుల గురించి అడిగే ప్రశ్నలకు సందేహం ఉన్నప్పుడల్లా అవునని గుర్తు పెట్టండి. ప్రకటించకుండా తెచ్చినవి దొరికితే భారీ జరిమానాతో పాటు విద్యార్థి వీసానే రద్దు చేసే అధికారం అక్కడ ఉంది.

కెనడా విషయంలో చాలామంది పొరబడేది పాస్‌పోర్టులో అంటించిన వీసానే స్టడీ పర్మిట్, అంటే అక్కడ చదువుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం, అనుకోవడం. పర్మిట్ మంజూరైనట్టు వచ్చిన లేఖను ప్రింటు తీసి తీసుకెళితే, విమానాశ్రయంలో సరిహద్దు అధికారి అసలు పర్మిట్‌ను అక్కడే ముద్రించి ఇస్తారు. అది తీసుకోకుండా, తరువాతి విమానానికి ఆలస్యమవుతోందని పరుగెత్తితే ఆ తరువాత చాలా తిప్పలు పడాలి. చేతికి రాగానే కౌంటరు దగ్గర నుంచి కదలకుండా పేరు, పుట్టిన తేదీ, విద్యాసంస్థ, గడువు తేదీ, పని చేయడానికి సంబంధించిన షరతుల వాక్యం చదవండి. తప్పు కనిపిస్తే ఆ అధికారికే చూపించండి, అక్కడైతే నిమిషాల్లో సరిచేసి ఇవ్వగలరు.